అమ్మానాన్నలు అమెరికా వచ్చాక డబ్బు సంగతి: గ్రీన్ కార్డు మీద వచ్చే పెద్దవాళ్లకు బ్యాంకు పనుల సమగ్ర మార్గదర్శి

కొడుకో కూతురో సిటిజెన్ అయ్యాక అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు ఫైల్ చేస్తారు. వీసా ఇంటర్వ్యూకి, మెడికల్‌కి, టికెట్లకి, ఆవకాయ ప్యాకింగ్‌కి నెలల తరబడి ప్లాన్ ఉంటుంది. డబ్బు సంగతి మాత్రం "అక్కడికి వెళ్లాక చూసుకుందాంలే" అని వదిలేస్తారు. నిజానికి ఇందులో సగం పనులు ఫ్లైట్ ఎక్కకముందే అయిపోవాలి. తర్వాత చేస్తే ఖర్చు పెరుగుతుంది, కొన్ని అసలు కుదరవు కూడా.

నేను డల్లాస్ దగ్గర ఉంటాను. మా చుట్టుపక్కల పెద్దవాళ్లకి బ్యాంకుకీ సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకీ తోడు వెళ్తుంటాను. నలభై ఏళ్లు ఇంటి లెక్కంతా చూసి, పిల్లల ఫీజులు కట్టి, పెళ్లిళ్లు చేసి, స్థలం కొని ఇల్లు కట్టిన మనిషి ఇక్కడికి వచ్చాక గుడి హుండీలో వేయడానికి ఐదు డాలర్లు కొడుకుని అడగాల్సి వస్తోంది. కొడుకు ఎంత మంచివాడైనా ఆ అడగడం కష్టమే. అందుకే ఈ గైడ్ అంతా ఒకే మాట మీద నడుస్తుంది: ఖాతా పెద్దవాళ్ల పేరు మీద ఉండాలి, కార్డు వాళ్ల పర్సులో ఉండాలి, పాస్‌వర్డ్ వాళ్లకి తెలియాలి. పిల్లలు పక్కన కూర్చుని నేర్పాలి.

ఇది గ్రీన్ కార్డు మీద స్థిరపడటానికి వచ్చేవాళ్ల కోసం రాసింది. ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చేవాళ్ల లెక్క వేరు.

1. ఫ్లైట్ ఎక్కకముందు చేయాల్సినవి

ముందు పేరు చూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లిపోయి, అసలు పేరు ఉండాల్సిన చోట "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. అదే గ్రీన్ కార్డు మీద, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద, బ్యాంకు ఖాతా మీద వరసగా ఎక్కుతుంది. తర్వాత మార్చుకోవాలంటే చాలా తిరగాలి. వీసా దరఖాస్తుకి ముందే పాస్‌పోర్టు సరిచేయించుకుంటే ఒక్క పనితో పోతుంది. పాన్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పెన్షన్ పత్రాల్లో కూడా అదే స్పెల్లింగ్ ఉందో లేదో చూడండి.

రెండోది ఫోన్ నంబర్. ఇండియా బ్యాంకు ఓటీపీ అంతా ఆ నంబర్‌కే వస్తుంది. ఆ సిమ్ మీ పేరు మీదే ఉండాలి, రీఛార్జ్ ఆగకూడదు, అమెరికాలో రోమింగ్‌లో మెసేజ్‌లు అందాలి. బంధువుల ఫోన్‌లో సిమ్ వేసి వదిలేసి వచ్చేవాళ్లు ఉన్నారు. అలా చేయకండి. ఓటీపీ ఎవరి చేతిలో ఉంటే ఖాతా వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఎన్ఆర్ఓ ఖాతాకి (విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియా ఆదాయం కోసం ఉంచుకునే ఖాతా, దాని సంగతి ఆరో భాగంలో) అమెరికా నంబర్ కూడా రిజిస్టర్ చేస్తారేమో మీ బ్రాంచిలో అడగండి. అలా చేసే బ్యాంకుల్లో ఆ నంబర్‌తో యూపీఐ కూడా వాడుకోవచ్చు, అమెరికా నంబర్లకు ఆ సదుపాయం ఇచ్చారు.

మూడోది పవర్ ఆఫ్ అటార్నీ. ఇంటి అద్దె, పొలం కౌలు, కరెంటు బిల్లు, కోర్టు పని ఏదైనా ఎవరో ఒకరు చూడాలి. ఇండియాలో ఉండగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకుంటే పూట పని. అమెరికా నుంచి అయితే ఇక్కడ నోటరీ చేయించి, రాష్ట్ర ప్రభుత్వం దగ్గర అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లేలా వేసే ముద్ర) వేయించి, ఇండియాకి పంపి, అక్కడ అందిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. లేదా కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించుకోవాలి. ఒక మాట గట్టిగా చెబుతున్నాను: అన్ని అధికారాలూ రాసిచ్చే జనరల్ పవర్ ఇవ్వకండి. ఏ పనికి ఇస్తున్నారో ఆ పని పేరు రాసిన స్పెషల్ పవర్ ఇవ్వండి. అద్దె వసూలు చేసే మనిషికి ఇల్లు అమ్మే అధికారం అక్కర్లేదు.

నాలుగోది ఆస్తి. ఇది అన్నిటికన్నా పెద్ద సంగతి, చాలామందికి తెలియనిది కూడా. గ్రీన్ కార్డు మీద అమెరికాలో అడుగు పెట్టిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అమెరికా పన్ను లెక్కలోకి వస్తుంది. 1985లో కొన్న స్థలాన్ని వచ్చాక అమ్మితే, 1985 కొనుగోలు ధర నుంచి మొత్తం లాభాన్ని అమెరికా లెక్కేస్తుంది. మీరు ఇక్కడికి వచ్చిన రోజు విలువని కొత్త ధరగా తీసుకోదు. ఇండియాలో కట్టిన పన్నుకి క్రెడిట్ ఇస్తారు, అయినా రెండు దేశాల్లో లెక్కలు చూపించాల్సిందే. పైగా అమ్మేవాళ్లు ఎన్ఆర్ఐ అయితే కొనేవాళ్లు చాలా ఎక్కువ టీడీఎస్ పట్టుకోవాలి. తక్కువ పట్టుకునేలా ఇన్‌కం టాక్స్ వాళ్ల దగ్గర ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఎలాగూ అమ్మేద్దామనుకున్న ఆస్తి ఏదైనా ఉంటే, రాకముందు అమ్మడమా తర్వాతా అన్నది రెండు దేశాల లెక్కలూ తెలిసిన సీఏతో కూర్చుని తేల్చుకోండి. ఆ ఒక్క సలహాకి ఇచ్చే ఫీజు దండగ కాదు.

వ్యవసాయ భూమి ఉన్నవాళ్లకి తరచూ వచ్చే భయం ఒకటుంది, ఎన్ఆర్ఐ అయితే పొలం పోతుందేమో అని. పోదు. ఇండియాలో ఉండగా కొన్నది, వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. కొత్తగా మాత్రం కొనలేరు.

మ్యూచువల్ ఫండ్లు ఉంటే వాటినీ రాకముందే చూసుకోండి. ఇండియా ఫండ్లకి అమెరికాలో చాలా కఠినమైన నిబంధనలు ఉన్నాయి, ప్రతి ఫండ్‌కీ వేరే ఫారం నింపాలి. సీపీఏ (ఇక్కడ మన సీఏ లాంటివాళ్లు) ఫీజు ఫండ్ లాభాన్ని మించిపోవచ్చు. ఫిక్స్‌డ్ డిపాజిట్లతో ఆ తలనొప్పి లేదు.

ఆఖరున, ప్రతి ఖాతాకీ, ఎఫ్‌డీకీ, లాకర్‌కీ, పాలసీకీ నామినీ ఉన్నారో లేదో చూసి, అన్నిటి నంబర్లూ ఒక నోటుపుస్తకంలో రాసి తెచ్చుకోండి. మీ చేతిరాతలో, తెలుగులో ఉన్నా ఫర్వాలేదు.

2. వచ్చిన మొదటి నెల

వీసా దరఖాస్తులో సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఇక్కడ ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు నంబర్) కావాలని టిక్ చేసి ఉంటే, కార్డు మామూలుగా రెండు మూడు వారాల్లో పోస్టులో వస్తుంది. రాకపోతే దగ్గర్లో ఉన్న సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి పాస్‌పోర్టు తీసుకుని వెళ్లండి. ఇంగ్లీషు రాదని జంకక్కర్లేదు. తెలుగు దుబాసీ కావాలని అడగండి, ఫోన్‌లో కలుపుతారు. దానికి డబ్బులు తీసుకోరు. గ్రీన్ కార్డు ప్లాస్టిక్ ముక్క రావడానికి ఇంకొంత ఆలస్యమైనా, పాస్‌పోర్టులో ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఎయిర్‌పోర్టులో వేసిన ముద్ర ఏడాదిపాటు గ్రీన్ కార్డుగానే పనిచేస్తుంది.

సోషల్ సెక్యూరిటీ కార్డుని ఇంట్లో దాచిపెట్టండి, పర్సులో పెట్టుకుని తిరగొద్దు.

తర్వాత స్టేట్ ఐడీ తీసుకోండి. డ్రైవింగ్ చేయకపోయినా ఇస్తారు. అడ్రస్ రుజువు కావాలంటారు. బిల్లులన్నీ కొడుకు పేరు మీదే ఉంటాయి కాబట్టి ఇక్కడ చాలామంది ఆగిపోతారు. మీ పేరు మీద ఆ అడ్రస్‌కి వచ్చిన ప్రభుత్వ ఉత్తరాలు, సోషల్ సెక్యూరిటీ కార్డు వచ్చిన కవరుతో సహా, ఏవీ పారేయకండి. ఏవి చెల్లుతాయో ఒక్కో రాష్ట్రానికీ ఒక్కో జాబితా ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి. మన పెద్దవాళ్లలో చాలామందికి అసలు పుట్టినరోజు ఒకటి, బళ్లో వేసింది ఇంకొకటి. ఇక్కడ బ్యాంకువాళ్లు, డాక్టరు, మందుల షాపు, అందరూ మొదట అడిగేది డేట్ ఆఫ్ బర్తే. పాస్‌పోర్టులో ఉన్న తేదీయే చెప్పాలి. అది కూడా నెల ముందు, రోజు తర్వాత. 7వ తేదీ ఏప్రిల్ అంటే 04/07. తిరగేసి రాస్తే అది జూలై 4 అయిపోతుంది, మీ వివరాలు కలవడం లేదని సిస్టమ్ తిప్పికొడుతుంది. రోజూ ఒకసారి ఇంగ్లీషులో పైకి చెప్పుకుంటూ అలవాటు చేసుకోండి: పేరు, పుట్టిన తేదీ, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్. ఈ నాలుగూ తడుముకోకుండా చెప్పగలిగితే కౌంటర్ దగ్గర సగం పని అయిపోయినట్టే.

3. ఖాతా తెరవడం

బ్యాంకు ఎంచుకునేటప్పుడు వడ్డీ కంటే దూరం చూడండి. నడిచి వెళ్లగలిగిన చోటో, బస్సు దొరికే చోటో, మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడే బ్రాంచి ఉండాలి. ఆన్‌లైన్ బ్యాంకులు ఎక్కువ వడ్డీ ఇస్తాయి కానీ, కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి ఖాతాగా నేను వాటిని చెప్పను. రెండో ఏడాది చూసుకోవచ్చు.

చెకింగ్, సేవింగ్స్ అని రెండు రకాలు ఉంటాయి. రోజువారీ ఖర్చుకి చెకింగ్, దాచుకోవడానికి సేవింగ్స్. ఇండియాలో సేవింగ్స్ ఖాతాతో చేసే పనులన్నీ ఇక్కడ చెకింగ్‌తో చేస్తారు. అడగాల్సిన ప్రశ్నలు కొన్నే: నెలకి ఎంత ఫీజు? ఎంత బ్యాలెన్స్ ఉంచితే ఫీజు ఉండదు? పెద్దవాళ్లకి ఫీజు లేని ఖాతా ఉందా? బ్యాలెన్స్ లేకపోయినా కార్డు పని చేసే "ఓవర్‌డ్రాఫ్ట్" కావాలా అని అడుగుతారు, వద్దనండి. వద్దంటే షాపులో కార్డు ఆగిపోతుంది, అంతే. కావాలంటే పది డాలర్ల సరుకుకి పెద్ద జరిమానా పడవచ్చు.

బ్యాంకు దివాలా తీస్తే ఏమవుతుందని నాన్నగార్లు తప్పకుండా అడుగుతారు. ఎఫ్‌డీఐసీ బీమా ఉన్న బ్యాంకులో ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల వరకు ప్రభుత్వ హామీ ఉంది. ఇండియాలో ఈ పరిమితి 5 లక్షల రూపాయలు. క్రెడిట్ యూనియన్లలో (సభ్యులే యజమానులుగా ఉండే, బ్యాంకు లాంటి సంస్థలు) ఇదే హామీ ఎన్‌సీయూఏ పేరుతో ఉంటుంది.

ఇక జాయింట్ ఖాతా సంగతి. బ్యాంకుకి తీసుకెళ్లే కొడుకు మంచి మనసుతోనే "నా ఖాతాలో అమ్మ పేరు చేర్చండి" అంటాడు. పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ చట్టం దృష్టిలో జాయింట్ ఖాతాలో డబ్బు ఇద్దరిదీ. కొడుకు మీద ఎవరైనా కేసు వేసినా, వ్యాపారంలో అప్పులు మిగిలినా, విడాకుల గొడవ వచ్చినా అమ్మ పెన్షన్ డబ్బు కూడా అందులో ఇరుక్కోవచ్చు. అమ్మ పోయాక ఆ డబ్బు సాధారణంగా నేరుగా ఖాతాలో పేరున్న పిల్లకో పిల్లాడికో వెళుతుంది, మిగతా పిల్లలకి వాటా రాదు. అన్నదమ్ముల మధ్య మాటలు పోవడానికి అది చాలు.

అందుకని నేను చెప్పేది ఇది. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి ఒక జాయింట్ ఖాతా తెరవండి. పిల్లల్లో ఒకరిని ఆ ఖాతాకి సంతకం చేసే సహాయకుడిగా మాత్రమే చేర్చడానికి వీలుందా అని బ్యాంకులో అడగండి. దాన్ని కొన్ని చోట్ల "ఆథరైజ్డ్ సైనర్", కొన్ని చోట్ల "కన్వీనియన్స్ సైనర్" అంటారు. అలా చేర్చిన మనిషి మీ తరఫున చెక్కు రాయగలరు, కానీ డబ్బు వాళ్లది కాదు. మీ తర్వాత ఎవరికి వెళ్లాలో "పేయబుల్ ఆన్ డెత్" కింద పేర్లు రాయించండి. పిల్లలందరి పేర్లూ రాయవచ్చు.

అమ్మకి విడిగా ఒక చిన్న ఖాతా కూడా ఉంటే ఇంకా మంచిది. నాన్నగారు ఉన్నంతకాలం బ్యాంకు మెట్లెక్కని అమ్మలు, ఆయన పోయాక డెబ్భై దాటిన వయసులో మొదటిసారి పిన్ నంబర్ నేర్చుకోవాల్సి రావడం చూశాను. ఇద్దరూ ఉన్నప్పుడే ఆ పని జరగాలి.

4. చెక్కు, కార్డు, యాప్

అమెరికాలో చెక్కు ఇంకా బతికే ఉంది. గుడికి చందా, సంగీతం టీచర్‌కి ఫీజు, గడ్డి కోసేవాడికి కూలి, అన్నీ చెక్కుతో ఇవ్వవచ్చు. ఒక చెక్కు దగ్గరుండి రాద్దాం. పై మూల తేదీ, నెల ముందు. "పే టు ది ఆర్డర్ ఆఫ్" పక్కన తీసుకునేవాళ్ల పేరు. కుడివైపు గడిలో అంకెలు: 120.50. అంకె గడి అంచుకి ఆనించి మొదలుపెట్టండి, ముందు ఇంకో అంకె ఇరికించే చోటు ఉండకూడదు. కింది గీత మీద అక్షరాల్లో "వన్ హండ్రెడ్ ట్వంటీ అండ్ 50/100" అని ఇంగ్లీషులో రాసి, మిగిలిన గీతంతా అడ్డంగా కొట్టేయండి. సెంట్లు ఎప్పుడూ వందలో ఎన్ని అన్న లెక్కలో వేస్తారు. కింద ఎడమవైపు దేనికిస్తున్నారో రాయండి, కుడివైపు సంతకం. తెలుగులో సంతకం పెట్టేవాళ్లు తెలుగులోనే పెట్టవచ్చు. ఖాతా తెరిచేటప్పుడు పెట్టినట్టే ప్రతిసారీ ఉండాలి, అంతే.

పెద్ద అంకెల దగ్గర కామా మారుతుందని గుర్తుంచుకోండి. మనం 1,00,000 అని రాసేదాన్ని ఇక్కడ 100,000 అని రాస్తారు. లక్ష అనే మాట కౌంటర్లో అర్థం కాదు, "హండ్రెడ్ థౌజండ్" అనాలి.

చెక్కు పోస్టులో పంపాలంటే ఇంటి ముందు డబ్బాలో రాత్రంతా వదలకండి, పోస్టాఫీసు లోపల ఇవ్వండి. చెక్కులు దొంగిలించి సిరా కడిగేసి పేరు మార్చేవాళ్లు ఉన్నారు. జెల్ పెన్‌తో రాస్తే అది కడగడం కష్టం.

డెబిట్ కార్డుని డబ్బు తీసుకోవడానికే వాడండి, షాపుల్లో క్రెడిట్ కార్డు మంచిది. కారణం ఉంది. క్రెడిట్ కార్డుతో ఎవరైనా మోసం చేస్తే చట్టప్రకారం మీ మీద పడే భారం 50 డాలర్లకి మించదు, అప్పటికి పోయేది కూడా బ్యాంకు డబ్బు. డెబిట్ కార్డు పోయిందని తెలిసిన రెండు పనిదినాల్లో చెబితే 50 డాలర్లు, ఆలస్యమైతే 500 దాకా, స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజులు దాటినా చెప్పకపోతే ఆ తర్వాత పోయిన మొత్తం మీదే. అందుకే నెలకోసారి స్టేట్‌మెంట్ కాగితం మీద తెప్పించుకుని, పెన్ను పట్టుకుని ఒక్కో లైనూ చూడండి. మన పెద్దవాళ్లు ఈ పని పిల్లల కంటే బాగా చేస్తారు.

బ్యాంకు యాప్‌లో మొదట నేర్చుకోవాల్సింది డబ్బు పంపడం కాదు, అలర్ట్‌లు పెట్టుకోవడం. ఎంత ఖర్చయినా ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా సెట్ చేయించుకోండి. జెల్ (Zelle) అనే, ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పంపే సదుపాయంతో పంపిన డబ్బు క్షణాల్లో వెళ్లిపోతుంది, వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం. మీ పిల్లలకీ, బాగా తెలిసినవాళ్లకీ తప్ప దానితో పంపకండి.

5. క్రెడిట్ స్కోరు

ఇండియాలో అప్పు లేకపోవడం గౌరవం. ఇక్కడ అప్పు తీసుకుని తిరిగి కట్టిన చరిత్ర లేకపోతే మీరెవరో ఎవరికీ తెలియదు. స్కోరు 300 నుంచి 850 వరకు ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్లకి అసలు ఉండదు. సొంతంగా అపార్ట్‌మెంట్ తీసుకోవాలన్నా, కొన్ని చోట్ల ఫోన్ కనెక్షన్‌కైనా ఇది అడుగుతారు.

సులువైన దారి సెక్యూర్డ్ కార్డు. బ్యాంకులో రెండు మూడు వందల డాలర్లు డిపాజిట్ పెడితే అంతే పరిమితితో కార్డు ఇస్తారు. నెలకి ఒకటి రెండు సార్లు కూరగాయలకి వాడి, బిల్లు మొత్తం ఖాతా నుంచి దానంతటదే కట్టేలా పెట్టండి. కొడుకు కార్డులో పేరు చేర్చుకున్నా స్కోరు మొదలవుతుంది, కానీ అతను బిల్లు ఆలస్యం చేస్తే మీ స్కోరు కూడా పడుతుంది.

కార్డు వచ్చాక ఈ అప్పుల చరిత్ర రికార్డు చేసే సంస్థలు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటి దగ్గరా మీ ఫైలుని ఫ్రీజ్ చేయించండి. ఉచితం. అప్పుడు మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ దొరికినా ఎవరూ మీ పేరు మీద కొత్త అప్పు తీసుకోలేరు. మీకు అవసరమైనప్పుడు తెరుచుకోవచ్చు. పెద్దవాళ్లకి ఇంతకన్నా మంచి తాళం లేదు.

6. ఇండియా ఖాతాలు, పెన్షన్

స్థిరంగా ఉండటానికి దేశం దాటాక ఫెమా (ఇండియా విదేశీ మారక) చట్టం ప్రకారం మీరు నాన్ రెసిడెంట్. మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా మార్పించుకోవాలి. బ్యాంకుకి చెప్పకుండా పాత ఖాతానే నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, అది నిబంధనలకి విరుద్ధం. పెన్షన్, అద్దె, కౌలు, డివిడెండు అన్నీ ఎన్ఆర్ఓలోకి వస్తాయి. టీడీఎస్ పట్టుకోవద్దని బ్యాంకుకి ఫారం (ఇదివరకు 15హెచ్) ఇచ్చే అలవాటు ఉంటుంది కదా, అది రెసిడెంట్లకే. ఎన్ఆర్ఓ వడ్డీ మీద 30 శాతం, పైన సెస్ కలిపి పట్టుకుంటారు. అమెరికా నుంచి పన్ను రెసిడెన్సీ సర్టిఫికెట్ తెచ్చి ఇస్తే, రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతానికి తగ్గించుకోవచ్చు. ఎక్కువ పట్టుకున్నది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఎన్ఆర్ఓ నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు అమెరికాకి తెచ్చుకునే వీలుంది, సీఏ సర్టిఫికెట్‌తో. కాబట్టి డబ్బు ఇండియాలో ఇరుక్కుపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు, హవాలా మాట ఎవరు ఎత్తినా వినక్కర్లేదు.

ఇక్కణ్ణుంచి ఇండియాకి పంపేటప్పుడు బ్యాంకు ఖాతా నుంచే పంపండి. 2026 జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కుతో విదేశాలకు పంపితే 1 శాతం పన్ను పడుతోంది. బ్యాంకు ఖాతా నుంచో, అమెరికా డెబిట్, క్రెడిట్ కార్డుతోనో పంపితే ఆ పన్ను లేదు.

పెన్షన్ ఆగకుండా ఉండాలంటే ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏ నెలల్లో ఇవ్వాలో మీ ట్రెజరీలోనో బ్యాంకులోనో కనుక్కుని రాసి పెట్టుకోండి. జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి చేయవచ్చు, కుదరకపోతే ఇండియన్ కాన్సులేట్‌లో సంతకం చేసి ఇస్తారు. కాన్సులేట్లు పెద్ద నగరాల్లో పెన్షనర్ల కోసం అప్పుడప్పుడు క్యాంపులు కూడా పెడతాయి.

7. పన్ను, ఎఫ్‌బార్

పన్ను కట్టడం వేరు, చెప్పడం వేరు. మన పెద్దవాళ్లలో చాలామందికి అమెరికాలో కట్టాల్సిన పన్ను సున్నా రావచ్చు. 2025 ఆదాయానికి చూస్తే, ఇద్దరూ 65 దాటిన దంపతులు కలిసి రిటర్న్ వేసినప్పుడు 34,700 డాలర్ల వరకు స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది. వచ్చిన మొదటి ఏడాది లెక్క మాత్రం వేరు, ఆ ఏడాదికి తప్పకుండా సీపీఏ దగ్గరికి వెళ్లండి.

ఏవి చూపించాలి అంటే అన్నీ. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇండియా పెన్షన్ చూపించాలి. అక్కడ పన్ను లేని ఎన్ఆర్ఈ ఖాతా (విదేశీ సంపాదన ఇండియాలో దాచుకునే ఖాతా) వడ్డీ ఇక్కడ ఆదాయమే. అక్కడ పన్ను లేని పొలం కౌలు కూడా ఇక్కడ ఆదాయమే. ఇది వినగానే అందరూ ఉలిక్కిపడతారు, కానీ నిబంధన అదే.

పిల్లలకి ఒక మాట. అమ్మానాన్నల్ని మీ రిటర్న్‌లో డిపెండెంట్లుగా వేసుకోవాలంటే, 2025కి వాళ్లలో ఒక్కొక్కరి ఆదాయం 5,200 డాలర్ల లోపు ఉండాలి. నాన్నగారి పెన్షన్ నెలకి యాభై వేల రూపాయలైతే ఆ గీత దాటేసినట్టే. వాళ్ల ఇండియా ఆదాయం అడక్కుండా డిపెండెంట్ అని వేసేయకండి.

ఎఫ్‌బార్ అనేది పన్ను కాదు, విదేశీ ఖాతాల వివరం చెప్పే ఫారం. ఏడాదిలో ఏదో ఒక రోజున అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే చాలు, అంటే దాదాపు 9 లక్షల రూపాయలు, ఫైల్ చేయాలి. సేవింగ్స్, ఎఫ్‌డీలు, పీపీఎఫ్, డీమ్యాట్, సరెండర్ విలువ ఉన్న ఎల్ఐసీ పాలసీలు, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇల్లు, పొలం, లాకర్‌లో బంగారం రావు. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబర్ 15 వరకు పొడిగింపు ఉంటుంది. టాక్స్ రిటర్న్‌తో కాకుండా విడిగా ఆన్‌లైన్‌లో వేయాలి, ఫీజు లేదు. వేయకపోతే జరిమానా వేల డాలర్లలో ఉంటుంది.

అమ్మానాన్నల ఇండియా ఖాతాలో "ఉండనీ" అని మీ పేరు జాయింట్‌గా వేయించారా? అయితే మీరు కూడా మీ ఎఫ్‌బార్‌లో ఆ ఖాతా చూపించాలి. డబ్బు మీది కాకపోయినా సరే. ఇండియా ఖాతాల్లో, పెట్టుబడుల్లో డబ్బు ఇంకా ఎక్కువ ఉంటే, కలిసి రిటర్న్ వేసే దంపతులకి ఏడాది చివర 1,00,000 డాలర్లు దాటినప్పుడు ఫారం 8938 కూడా ఉంటుంది.

8. మోసం ఫోన్లు

వీటి మాట నేర్చుకుని ఉంచుకోండి, ఎందుకంటే అందరికీ వస్తాయి. "సోషల్ సెక్యూరిటీ నుంచి మాట్లాడుతున్నాం, మీ నంబర్ సస్పెండ్ అయింది." "ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ), పన్ను కట్టలేదు, పోలీసులు వస్తున్నారు." "మీ మనవడు యాక్సిడెంట్ చేశాడు, బెయిల్‌కి డబ్బు కావాలి." ఈమధ్య ఇండియా నుంచే వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సులో కూర్చుని, తెలుగులోనో హిందీలోనో "డిజిటల్ అరెస్ట్" అంటారు. అలాంటి అరెస్ట్ ఏ చట్టంలోనూ లేదు.

మాట ఏదైనా అడిగేది చివరికి ఒకటే: వెంటనే, ఎవరికీ చెప్పకుండా, గిఫ్ట్ కార్డుతోనో, క్రిప్టో మెషిన్‌లోనో, ఇంటికి వచ్చే మనిషికి నగదో బంగారమో ఇచ్చేయమని. ఏ ప్రభుత్వమూ గిఫ్ట్ కార్డు మీద పన్ను తీసుకోదు. ఐఆర్ఎస్ మామూలుగా ముందు ఉత్తరం రాస్తుంది. ఫోన్ పెట్టేయడం అమర్యాద అనుకునే తరం మనది, అదే వాళ్లకి అలుసు. పెట్టేయండి. తర్వాత కార్డు వెనక ఉన్న నంబర్‌కి మీరే చేసి కనుక్కోండి.

ఇంట్లో అందరూ కలిసి ఒక రహస్య మాట పెట్టుకోండి, బయటివాళ్లకి తెలియనిది. కష్టంలో ఉన్నానని మనవడి గొంతుతో ఎవరు ఫోన్ చేసినా ముందు ఆ మాట అడగాలి.

డబ్బు ఇచ్చేశాక తెలిసినా దాచకండి. సిగ్గుపడి రెండు రోజులు ఆగితే తిరిగి వచ్చే అవకాశం పోతుంది. ముందు బ్యాంకుకి, తర్వాత నేషనల్ ఎల్డర్ ఫ్రాడ్ హాట్‌లైన్ 833-372-8311కి ఫోన్ చేయండి. ఇండియా ఖాతా నుంచి పోయి ఉంటే అక్కడి బంధువులతో వెంటనే 1930కి చేయించండి. పిల్లలు ఆ పూట తిట్టకండి. ఒకసారి తిట్లు తిన్న మనిషి రెండోసారి చెప్పరు.

9. చేతకాని రోజుల కోసం, తిరిగి వెళ్లే రోజు కోసం

ఆరోగ్యం బాగున్నప్పుడే అమెరికాలో "డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ" రాయించండి. డ్యూరబుల్ అన్న మాట అందులో ఉండాలి, అప్పుడే జ్ఞాపకశక్తి తగ్గినా అది చెల్లుతుంది. రాసి బీరువాలో పెట్టడం చాలదు, బ్యాంకుకి తీసుకెళ్లి చూపించండి. చాలా బ్యాంకులు తమ సొంత ఫారం కూడా అడుగుతాయి. పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో ఉన్నాక కోర్టుకి వెళ్లి గార్డియన్‌షిప్ తెచ్చుకోవాలంటే నెలలు పడుతుంది.

చలికాలం ఇండియాలో, ఎండాకాలం ఇక్కడ గడిపేవాళ్లు రెండు దేశాల ఖాతాల్లోనూ ఏడాదికి ఒకసారైనా ఏదో ఒక లావాదేవీ చేయండి. ఇండియాలో రెండేళ్లు కదలిక లేని ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది, పదేళ్లకి డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది. ఇక్కడ కొన్నేళ్లు కదలకపోతే రాష్ట్ర ప్రభుత్వానికి అప్పజెబుతారు. రెండు చోట్లా అడిగితే తిరిగి ఇస్తారు, కానీ కాగితాల పని చాలా ఉంటుంది.

ఇక్కడ ఉండలేక పూర్తిగా వెళ్లిపోవాలనుకుంటే, ఊరికే కార్డు బీరువాలో పడేసి వెళ్లకండి. గ్రీన్ కార్డు మీ చేతిలో ఉన్నంతకాలం పన్ను బాధ్యత నడుస్తూనే ఉంటుంది. ఫారం ఐ-407 నింపి కార్డు వాపసు ఇచ్చేయండి, ఆ ఏడాదికి ఆఖరి రిటర్న్, ఎఫ్‌బార్ వేయండి. గత పదిహేను పన్ను సంవత్సరాల్లో కనీసం ఎనిమిదింటిలో గ్రీన్ కార్డు ఉండి, ఆస్తులు ఎక్కువ ఉంటే వాపసు ఇచ్చేముందు సీపీఏని అడగండి. ఇండియా చేరాక బ్యాంకుకి వెళ్లి ఎన్ఆర్ఓని మళ్లీ మామూలు ఖాతాగా మార్పించుకోండి. అమెరికా ఖాతాని మాత్రం ఆఖరి రిఫండ్ వచ్చేదాకా మూసేయకండి.